మన పిల్లలకు మాంత్రికులు కావాలి

రాత్రి పడుకునే ముందు రోజుకొక్క భాగం. అంతకు మించి ఎంత బతిమాలినా చదవను. ఈ షరతు మీదే మా తొమ్మిదేళ్ల అమ్మాయికి 'తోకచుక్క' మొదలుపెట్టాను. కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు ఓడలెక్కాడు, ఆకాశంలో తోకచుక్క కనిపించింది. ఆ తర్వాత ఇద్దరు మాంత్రికులు వచ్చారు: ఏకాక్షి, చతుర్నేత్రుడు.

"అమ్మా, చతుర్నేత్రుడంటే?"

"చతుర్ అంటే నాలుగు. నేత్రం అంటే కన్ను."

దుప్పటి కిందనుంచి రెండు వేళ్లు బయటికొచ్చాయి, తర్వాత ఇంకో రెండు. "అయితే ఏకాక్షికి ఒక్కటేనా? ఇద్దరూ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారు?" అంది. తెలుగు క్లాసులో ఏడాదిగా తలకెక్కని మాటలు ఆ రాత్రి చటుక్కున ఎక్కేశాయి.

ఈ కథ 1954లో చందమామలో సీరియల్‌గా మొదలైంది. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. అప్పటినుంచి 1978 దాకా ఒకదాని వెనక ఒకటి పన్నెండు సీరియళ్లు రాశారు. 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' అనగానే మీలో చాలామందికి చిత్ర గారు గీసిన బొమ్మలు కళ్లముందు కదిలే ఉంటాయి. కానీ రాసిన ఆయన పేరు ఎంతమందికి తెలుసు? చందమామలో ఆ సీరియళ్ల మీద రచయిత పేరు వేసేవారు కాదు. చదివేవాళ్లం, పోస్టు కోసం గుమ్మంలో కాచుకునేవాళ్లం, ఎవరు రాశారో మాత్రం తెలియదు. ఆయన 1952లో ఆ పత్రికలో చేరి 2006 దాకా అక్కడే పనిచేశారు. పేరు కనబడని పనిని అన్నేళ్లు చేయాలంటే రాయడమంటే ఎంత ఇష్టం ఉండాలి! ప్రతి నెలా పిల్లవాణ్ణి కొండ అంచున నిలబెట్టి, పై నెల దాకా ఊపిరి బిగబట్టించడం ఒళ్లు దాచుకునేవాళ్ల వల్ల అయ్యే పని కాదు.

ఇక్కడే నా అసలు బాధ. మన వారాంతపు తెలుగు బడుల్లో పిల్లల చేతికిచ్చేవి దాదాపు అన్నీ నీతికథలే. అబద్ధం చెప్పకూడదు, పెద్దల మాట వినాలి. మంచి మాటలే, కాదనను. కానీ ఆ నీతేమిటో కథ సగంలోనే పిల్లలకు తెలిసిపోతుంది. తర్వాత ఏమవుతుందో అన్న టెన్షన్ లేకపోతే ఇంకో పేజీ ఎందుకు తిప్పుతారు? దాసరి గారి కథలో అడవి ఉంటుంది, గుహ ఉంటుంది, స్నేహితుడి కోసం ప్రాణాలకు తెగించేవాడు ఉంటాడు. పాఠం చెప్పడానికి కథ ఎక్కడా ఆగదు. భాష కష్టమని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. నాకలా అనిపించలేదు. వాక్యాలు చిన్నవి, తేటగా ఉంటాయి. తెలియని మాట వచ్చినా కథే లాక్కుపోతుంది. పిల్లలు సొంతంగా చదవలేకపోతే మనం పైకి చదివి వినిపిద్దాం. పది నిమిషాల పనే కదా.

మన సంఘం కార్యవర్గానికి ఒక్క మనవి. ఈసారి ఉగాది పోటీల్లో గెలిచిన పిల్లలకు ప్లాస్టిక్ కప్పులు వద్దు. ఈ పుస్తకాలు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఆ పిల్లల చేతే, మైకు ముందు, రచయిత పేరు గట్టిగా చదివించండి.