శైలి తేల్చేది డ్రెస్సుల షాపే

డాన్స్ పోటీల్లో ఏది క్లాసికల్, ఏది ఫోక్, ఏది వెస్టర్న్ అని జనం అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. పిల్లల తల్లిదండ్రులు జడ్జీలతో గొడవకు దిగుతున్నారు, డాన్స్ మాస్టర్లు ఒకరి మీద ఒకరు వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకుంటున్నారు. ప్రజాహితం కోరి ఈ సమస్యను ఇవాళ శాశ్వతంగా పరిష్కరిస్తున్నాను. నిజానికి కొత్తగా తేల్చాల్సింది ఏమీ లేదు, స్కూలు యాన్యువల్ డే నుంచి టీవీ షోల దాకా అది ఎప్పుడో తేలిపోయింది. శైలి అంటే డ్రెస్సు. అంతే.

పాపం, ఈ సంగతి తెలియక విదేశాలవాళ్లు చాలా అవస్థ పడుతున్నారు. జంటలుగా ఆడే బాల్‌రూమ్ పోటీల్లో వాల్ట్జ్‌కి, వియన్నీస్ వాల్ట్జ్‌కి రెండింటికీ మూడు దెబ్బల తాళమే కదా, ఏదో ఒకటి వేసుకుని ఆడేయక, మొదటిదానికి నిమిషానికి 28 నుంచి 30 బార్లు (అంటే తాళం ఆవర్తనాలు), రెండోదానికి దాదాపు 60 అని పాట వేగం కొలిచి రూల్స్ రాసుకున్నారు. ఏ అడుగులో మడమ ముందు ఆనాలో, ఏ అడుగులో మునివేళ్లో కూడా పుస్తకాలకెక్కించారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రేకింగ్, అంటే మన బ్రేక్ డాన్స్, పెట్టినప్పుడైతే టెక్నిక్, వొకాబులరీ, ఎగ్జిక్యూషన్, మ్యూజికాలిటీ, ఒరిజినాలిటీ అని ఐదు కొలమానాలు. ఆస్ట్రేలియా నుంచి రేగన్ అనే పేరుతో బరిలో దిగినావిడ ఆడిన మూడు పోటీల్లోనూ జడ్జీల ఓటు ఒక్కటీ దక్కకుండా ఇంటికెళ్లింది. ఎంత అన్యాయం! మన దగ్గరైతే కన్సొలేషన్ ప్రైజు, మెమెంటో, శాలువా ఎక్కడికీ పోయేవి కావు. పైగా మధ్యలో కంగారూలా గెంతింది కాబట్టి ఫోక్‌లో ఫస్టు వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇక మన కూచిపూడి. దీన్ని గుర్తుపట్టడం చాలా తేలిక, ఇత్తడి పళ్లెం ఉంటుంది. పాప పళ్లెం మీద నిలబడితే కూచిపూడి, దిగితే భరతనాట్యం. పళ్లెం మీద ఆడే ఆ తరంగం అనేది మొత్తం ప్రదర్శనలో ఒక అంశమేననీ, అసలు ఇది భాగవతులు ఊరూరా తిరుగుతూ ఆడిన నాటకాల్లోంచి వచ్చిందనీ, వేషం కట్టినవాళ్లే మాట్లాడుతూ, పాడుతూ ఆడే వాచికం దీని ప్రాణమనీ చెప్పే పెద్దలు కొందరున్నారు. అలాంటివాళ్లను నిర్వాహకులు పొరపాటున కూడా జడ్జీలుగా పిలవరు, మంచిదే. సత్యభామ వేషంతో దేశమంతా పేరు తెచ్చుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ గారే ఇవాళ మన ఇంటర్ స్కూల్ పోటీలో దిగి, జడ ముందుకు వేసుకుని, తానెవరో చెప్పుకోవడానికి నోరు తెరిచారనుకోండి, పాట మధ్యలో మాట్లాడినందుకు ఐదు మార్కులు కట్. పళ్లెం తేనందుకు ఇంకో ఐదు. బాయ్స్ కేటగిరీయా, గర్ల్స్ కేటగిరీయా అన్నది కమిటీ సాయంత్రం కూర్చుని తేలుస్తుంది.

కాకతీయుల కాలం నాటి పేరిణి నృత్యం పరిస్థితి ఇంకా తమాషా. సంగీత నాటక అకాడమీ శాస్త్రీయ నృత్యాల్లో ఎనిమిదింటినే లెక్కిస్తుంది, అందులో పేరిణి లేదు. పోనీ జానపదంలో వేద్దామంటే, జాయప సేనాని రాసిన నాట్యశాస్త్ర గ్రంథం నృత్తరత్నావళి ఉంది, రామప్ప గుడి శిల్పాలున్నాయి, వాటి మీద ఏళ్ల తరబడి పనిచేసి నటరాజ రామకృష్ణ గారు దాన్ని మళ్లీ వేదిక ఎక్కించారు. ఇంత చరిత్ర ఉన్నదాన్ని ఏ గడిలో వేయాలో తెలియక మనవాళ్లు ఒక దారి కనిపెట్టారు. ప్రైజులిచ్చే ముందు, చీఫ్ గెస్టు ఇంకా రాలేదు కాబట్టి, "స్పెషల్ ఐటమ్".

సెమీ క్లాసికల్ అనేది మన తెలుగువాళ్లం ప్రపంచ కళారంగానికి చేసిన సేవ. కాళ్లకు గజ్జెలు, పైన పట్టు డ్రెస్సు, నేపథ్యంలో సినిమా పాట. మోకాళ్లు పక్కలకు వంచి అరమండి వేస్తే ప్లస్సు, వేయకపోతే "పాప ఎక్స్‌ప్రెషన్స్ బాగున్నాయి". ఇందులో ఓడిపోయినవాళ్లను నేనింతవరకు చూడలేదు, జాయింట్ సెకండ్లు మాత్రం చాలామందిని చూశాను.

ఫోక్ అంటే మోకాళ్ల పైకి కట్టిన చీర, చంకలో బిందె, డీజే బీటు. అరకు ఆడవాళ్లు ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు పెనవేసి గొలుసుగా కదిలే థింసాలో ముందు వరస, వెనక వరస ఉండవు, ఎదురుగా జడ్జీల టేబులూ ఉండదు. మనం ఆ గొలుసును తెంపి, ఎనిమిది మందిని జడ్జీల వైపు తిప్పి నిలబెట్టి, చివర్లో పిరమిడ్ కట్టించి పైన జెండా పెట్టాం. ఆదిలాబాద్ గోండులు దీపావళి రోజుల్లో దండారి పండగకు ఆడే గుస్సాడి మనకు ఫిబ్రవరిలోనూ దొరుకుతుంది. వాళ్లకు దైవమైన నెమలి ఈకల కిరీటం మనకు అట్టముక్కతో తయారవుతుంది, ఐటమ్ అయ్యాక అది స్టేజీ వెనక కుర్చీ కింద ఉంటుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు నవ్వు రావట్లేదు, సరే, వదిలేద్దాం.

కాంటెంపరరీ గురించి రెండు ముక్కలు. అమెరికాలో మార్తా గ్రాహమ్ అనే ఆవిడ ఊపిరితో పాటు పొట్ట బిగించడం, వదలడం మీద ఒక పద్ధతినే నిర్మించిందంటారు. మనకు అంత అక్కర్లేదు. తెల్ల చొక్కా, జుట్టు విరబోత, ఏడుపు పాట, నేల మీద దొర్లుడు, చివర్లో అమ్మ ఫొటో. జడ్జిగారు స్టేజి ఎక్కి కౌగిలించుకుంటే అది కాంటెంపరరీ, ఎక్కకపోతే వెస్టర్న్.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. నాట్యం తెలిసినవాళ్లను పిలిచి, కారు పంపి, టిఫిన్ పెట్టి, చివరికి వాళ్ల మాట వినకుండా ఉండటం కన్నా, ఊళ్లో డ్రెస్సులు అద్దెకిచ్చే షాపాయన్ని చీఫ్ జడ్జిగా పెడితే సరిపోతుంది. ఇప్పటికీ నిర్ణయం ఆయనదే. "అన్నా, రేపు మా పాప ప్రోగ్రామ్" అంటే చాలు, పాటేంటని కూడా అడగడు. "పట్టుసెట్టు అయిపోయిందమ్మా, లంబాడీ సెట్టే ఉంది, అద్దాలు కూడా ఊడలేదు" అంటాడు, ఆ క్షణంలోనే పాప క్లాసికల్ నుంచి ఫోక్‌కి మారిపోతుంది, మాస్టారు రాత్రికి రాత్రి పాట మార్చేస్తాడు. ఇంత అధికారం ఏ అకాడమీకి ఉంది?

మార్కుల విధానం కూడా సులువే. సైజు సరిపోతే నలభై, గజ్జెలు తెగకపోతే ముప్పై, మేకప్ చెదరకపోతే మిగతావి. టై అయితే ఎవరి డ్రెస్సు మీద ఐస్‌క్రీమ్ మరక లేకుండా షాపుకు తిరిగొచ్చిందో వాళ్లకే ఫస్టు ప్రైజు. అందుకే ఫలితాలు మర్నాడు పదకొండు గంటలకు, షాపు తెరిచాక చెబుతారు.