నిద్ర ఏ శాఖ కిందికి వస్తుంది?

ఈ రాష్ట్రంలో గొర్రెలకి ఒక శాఖ ఉంది. చేపలకి ఉంది. ఆఖరికి పట్టుపురుగులకి కూడా ఒక శాఖ, దానికో డైరెక్టరు, ఆయనకో జీపు ఉన్నాయి. నలభై దాటిన ఆడదాని నిద్రకి మాత్రం ఏ శాఖా లేదు. ఈ లోపాన్ని ప్రభుత్వం, వైద్యలోకం, ముఖ్యంగా మా ఇంట్లోవాళ్ళు గమనించాలన్న సదుద్దేశంతో ఈ నివేదిక సమర్పించుకుంటున్నాను.

ముందుగా కేసు పూర్వాపరాలు. నాకు నలభై ఏడేళ్ళు. నెలసరి తనకి బుద్ధి పుట్టినప్పుడు వస్తోంది, లేకపోతే లేదు. డాక్టర్లు దీన్ని పెరిమెనోపాజ్ అంటారు. వరసగా పన్నెండు నెలలు రాకపోతే గానీ మెనోపాజ్ అని ముద్ర వెయ్యరు. పదకొండు నెలలు ఊరుకుని ఒక్కసారి కనిపించిందా, లెక్క మళ్ళీ మొదటికి, సర్వీసు బ్రేక్ చూపించిన కాంట్రాక్టు ఉద్యోగికి మల్లే. ఈ దశలో నిద్రకి సాయపడే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను చెప్పాపెట్టకుండా సెలవు మీద వెళ్తుంది. ఈస్ట్రోజన్ వస్తే వరద, లేకపోతే కరువు. మెదడులో కూర్చుని ఒంటి వేడిని చూసుకోవాల్సిన హైపోథాలమస్ అయినదానికీ కానిదానికీ కంగారుపడి, అర్ధరాత్రి ఛాతీలోంచి మెడమీదుగా చెవుల దాకా ఆవిరి లేపుతుంది. జాకెట్టు తడుస్తుంది, దిండు తడుస్తుంది. కాసేపటికి అదే ఒంటికి చలి పుట్టి, కాళ్ళతో తన్నేసిన దుప్పటి కోసం చీకట్లో తడుముకోవాలి. మేముండేది బెజవాడ. ఇక్కడ మే నెలలో నాకు ఆవిర్లు వస్తున్నాయంటే, "ఊరంతా ఉడికిపోతుంటే నీకొక్కదానికే వచ్చాయా?" అంటారు.

ఇలా ఉండగా మూలిగే నక్క మీద తాటిపండు పడింది. (ఆ నక్క అసలు ఎందుకు మూలుగుతోందని ఇన్ని తరాల్లో ఒక్కరూ అడగలేదు. దానికీ నలభై ఏడు వచ్చుంటాయని నా అనుమానం.) స్కూటరు మీద మావారి వెనక, ఒకవైపుకి కూర్చుని, ఒళ్ళో కూరగాయల సంచితో వస్తున్నాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మా వీధిలోది ఆ కొలతల్ని తిరగేసి కట్టినట్టుంటుంది. బండి ఎగిరింది, నేను ఎగిరాను, బండి మాత్రం మళ్ళీ మావారి కిందికే వచ్చింది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ ఉండాలంటుంది. మావారి తలకి హెల్మెట్ ఉంది. నా తలకి కొంగు ఉంది.

స్కానింగ్ తీశారు. "తలలో ఏమీ లేదమ్మా" అన్నారు డాక్టరుగారు. మావారు ఏదో అనబోయి నా మొహం చూసి ఆగారు. నిజానికి స్కాన్ చూసేది ఎముక విరిగిందా, రక్తం కారిందా అనే. నాకు తగిలినలాంటి దెబ్బని కంకషన్ అంటారు. అందులో మెదడు కుదుపుకి లోనై దాని పని తీరు దెబ్బతింటుంది. అది ఫిల్ముకి అందదు. ఫిల్ముకి అందనిది మా ఇంట్లో జబ్బు కాదు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, తర్వాత మెల్లగా నడవడం మొదలుపెట్టి, తల ఒప్పుకున్నంత మేరకే పని పెంచుకుంటూ పోవాలని చీటీలో రాశారు. ఆ చీటీని మావాళ్ళు శ్రద్ధగా చదివారు. అందులో "పని పెంచుకుంటూ" అన్న ముక్క ఒక్కటే అందరికీ కంఠతా వచ్చింది.

ఇక అసలు సమస్య, పరిధి. నిద్ర పట్టడం లేదండీ అని తల డాక్టరుగారికి చెప్పాను. ఈ వయసులో హార్మోన్లమ్మా, గైనిక్‌కి చూపించండి అన్నారు. గైనిక్ మేడమ్ దగ్గరికి వెళ్తే, తలకి దెబ్బ తగిలిందంటున్నారుగా, ముందు అక్కడినుంచి రాయించుకు రండి అన్నారు. ఇద్దరినీ తప్పు పట్టలేం. మాట మర్చిపోవడం, విసుగు, తలనొప్పి, నిద్రలేమి రెండు జాబితాల్లోనూ ఉన్నాయి. మూకుడు స్టవ్ మీద పెట్టి ఎందుకు పెట్టానో మర్చిపోతే అందులో తాటిపండు వాటా ఎంత, నక్క వాటా ఎంత? గోదావరి, కృష్ణా జలాల పంపకానికి ట్రిబ్యునళ్ళు వేశారు. నా మతిమరుపు పంపకానికి ఎవరూ వెయ్యలేదు.

పైగా రెండు శాఖల ఉత్తర్వులూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఆవిరి వచ్చినప్పుడు ఫ్యాను అయిదులో పెట్టాలి. దాని కిర్రుకిర్రు తల భరించలేదు కాబట్టి ఒకటిలో పెట్టాలి. ఒళ్ళు చల్లబడాలంటే ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడాలి. కానీ అందులోని లైటు కళ్ళలో పడితే నుదురు చిట్లిపోతుంది. అందుకని రాత్రి రెండున్నరకి కళ్ళు గట్టిగా మూసుకుని ఫ్రిజ్ తెరిచి, చన్నీళ్ళ సీసా అనుకుని ఇడ్లీ పిండి గిన్నెని బుగ్గకి ఆనించుకుని నిలబడతాను. హాయిగానే ఉంటుంది. మూత సరిగ్గా పెట్టి ఉంటే.

ఏసీ వేసుకోవచ్చుగా అంటారు. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న ప్రతి ఏసీ 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఆ అంకె ఖాయం చేసేటప్పుడు నా హైపోథాలమస్‌ని సంప్రదించిన దాఖలాలు లేవు. మార్చుకోవచ్చన్న వెసులుబాటు ఉంది గానీ రిమోట్ మావారి దిండు కింద ఉంటుంది.

సలహాలకి మాత్రం కొరత లేదు. వేడి చేసింది, మజ్జిగ తాగు. గసగసాలు నూరి పాలల్లో కలుపుకో. దిష్టి, ఎండుమిరపకాయలు తిప్పెయ్యి. ఇవన్నీ అమాయకమైనవి, పోనిద్దాం. పక్క ఫ్లాట్ ఆవిడ చెప్పినదాన్ని మాత్రం పోనివ్వలేను. "ఇంక పిల్లలు కావాలా ఏమన్నానా? గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది" అంది, పాత పేపర్లు అమ్మెయ్యమన్నంత తేలిగ్గా. ఆవిడ ఒంటరి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. రాష్ట్రం విడిపోయినా ఈ ఒక్క విషయంలో సోదరభావం చెక్కుచెదరలేదు. ఆ ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ మెల్లగా రాదు, తెల్లారేసరికి వచ్చి కూర్చుంటుంది. నిద్ర పట్టకపోతే గర్భసంచి తియ్యాలన్నది శాస్త్రమే అయితే, కంకషన్‌కి కూడా అదే సూత్రం వర్తింపజేసి తల తీయించేసుకుంటే సరిపోతుందిగా అన్నాను. ఆవిడ కాసేపు నిజంగానే ఆలోచించింది.

హార్మోన్ చికిత్స మాటెత్తితే క్యాన్సరని గుండెలు బాదుకుంటారు. ఆ భయం 2002లో అమెరికాలో మధ్యలో ఆపేసిన ఒక పెద్ద అధ్యయనం నుంచి వచ్చింది. అందులో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63. నలభైల్లో ఉన్నదానికి, వేరే ఇబ్బందులేవీ లేకపోతే, లెక్క వేరని తర్వాత డాక్టర్లే తేల్చారు. ఆ రెండో కబురు మా వీధి స్పీడ్ బ్రేకర్ దాటి లోపలికి రాలేదు. మందుల్లేని దారీ ఒకటుంది. ఎప్పుడు పడుకున్నా రోజూ ఒకే వేళకి లేవాలి, నిద్ర రాకపోతే మంచం దిగి ఇంకోచోట కూర్చుని, మత్తు వచ్చాకే మళ్ళీ ఎక్కాలి. మంచిదే. కాకపోతే హాల్లో చీకట్లో జుట్టు విరబోసుకుని కూర్చున్న నన్ను చూసి అత్తగారు ఆంజనేయ దండకం అందుకున్నారు.

మా ఇల్లు మాత్రం నా నిద్రలేమిని జాతీయ వనరుగా గుర్తించింది. తెల్లవారుజామున మున్సిపాలిటీ నీళ్ళు వస్తే మోటారు వేసేది నేను. పాల ప్యాకెట్టు పిల్లి ఎత్తుకెళ్ళకుండా చూసేది నేను. "నాలుగున్నరకి లేపు, పినాకిని రైలుకి వెళ్ళాలి, నువ్వెలాగూ మెలకువగానే ఉంటావుగా" అంటారు మావారు. కింద వాచ్‌మన్‌కి ఇదే పనికి జీతం ఇస్తున్నాం. అతను హాయిగా నిద్రపోతాడు.

మొన్న మావారికి ఒక రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. పొద్దున్నే ఇంట్లో మిక్సీ బందు, టీవీ బందు. అబ్బాయి ఫోన్ చేసి స్పెషలిస్టు దగ్గర సాయంత్రానికే అపాయింట్‌మెంటు తీసుకున్నాడు. ఆడపడుచు హైదరాబాదు నుంచి వీడియో కాల్‌లో కళ్ళు తుడుచుకుంది. శాఖ లేదని ఇన్నాళ్ళూ అపోహపడ్డాను గానీ, ఉంది, సిబ్బంది కూడా ఉన్నారు. అత్తగారు నా వైపు తిరిగి అన్నారు: "రాత్రంతా మేలుకునే ఉన్నావు కదే, వాడి కాళ్ళన్నా పట్టలేకపోయావా?"