ఊరికే ఒక గొయ్యి

ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఒక మనిషి తన పెరట్లో గొయ్యి తవ్వుకోవాలంటే కారణం రెండు భాషల్లో చెప్పుకోవాలి. పొద్దున్నే పాలబ్బాయి, "ఏటి మాస్టారూ, సెప్టిక్ ట్యాంకేటి?" అంటాడు. గోడవతల నుంచి పక్కింటి ఒడియా పిన్నిగారు, మేం మౌసి అంటాం, "గాత కాహింకి ఖోళుచంతి సార్?" అంటుంది. ఇద్దరికీ నా జవాబు ఒకటే: ఊరికే. పాలబ్బాయి నవ్వేసి వెళ్ళిపోయాడు. "ఎమితి" అని ఒడియాలో చెబితే మౌసి మాత్రం ఒప్పుకోలేదు. ఊరికే జనం కూర్చుంటారు, పడుకుంటారు, పక్కింటివాళ్ళ మీద చెప్పుకుంటారు. గొయ్యి తవ్వుతారా ఎక్కడైనా?

ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. షుగరుంది, రోజూ గంటసేపు నడవండి అన్నాడు డాక్టరు. నడిచి చూశాను. ఎంత దూరం వెళ్ళినా చివరికి మళ్ళీ మా గుమ్మంలోకే రావాలి. ఇక ఆ గంట ఏమైనట్టు? గొయ్యి అలా కాదు. సాయంత్రం టేపు వేలాడదీస్తే ఇవాళ్టి గంట అంగుళాల్లో కనిపిస్తుంది. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో సరదా కోసం చేత్తో లోతుగా తవ్వుకుంటూ, గోడలకి చెక్కలు బిగించుకుంటూ దిగుతున్న వీడియోలు చూశాక ఇక నాకు నిద్ర పట్టలేదు.

మా ఆవిణ్ణి ఒప్పించడానికి చరిత్ర తీశాను. "ఇంగ్లండులో బ్రైటన్ దగ్గర వుడింగ్‌డీన్ అని ఒక చోటుంది. 1858 నుంచి 1862 దాకా చేత్తోనే 1285 అడుగుల నుయ్యి తవ్వారు తెలుసా?" అన్నాను.

"ఎవరు తవ్వారు?" అంది.

అక్కడే దొరికిపోయాను. దిక్కులేనివాళ్ళని పెట్టి పని చేయించే పనిశాల ఒకటుండేది, అందులోని పేదల్ని దింపారు. ఆ మాటే చెప్పాను. "చూశారా, పెన్షను తీసుకునేవాడు ఒక్కడూ లేడు," అని బియ్యం చెరగడానికి వెళ్ళిపోయింది.

అలాగని గుడ్డిగా దిగలేదు నేను. దేనికైనా నోటుబుక్కు పెట్టే అలవాటు. ఘనమీటరు మట్టి టన్నున్నరకి పైనే తూగుతుంది, అంటే గోడ కాస్త జారినా మన మీద చిన్న కారు ఎక్కినట్టే అని మొదటి పేజీలోనే రాసుకున్నాను. అమెరికావాళ్ళ నిబంధనలు కూడా ఎత్తి రాశాను. అయిదడుగులు దాటితే గోడలకి ఊతం ఉండాలి. తవ్వి తీసిన మట్టి అంచుకి రెండడుగులు ఎడంగా పోయాలి. నాలుగడుగులు దాటితే ఎక్కి దిగడానికి నిచ్చెన ఉండి తీరాలి. ఈ మూడోదాని కింద ఎర్ర సిరాతో గీత గీశాను. ఆ గీత ఎందుకూ పనికిరాలేదు, ఆ సంగతికి వస్తాను.

సెంట్రింగ్ మేస్త్రి దగ్గర పాత చెక్కలు, దుంగలు, సరుగుడు బాదులు కొన్నాను. అయిదడుగుల చదరం గీసుకుని మొదలెట్టాను. నాలుగడుగులు తవ్వడం, గోడల వెంట చెక్కలు నిలబెట్టడం, చెక్కల ముందు అడ్డంగా దుంగలు ఆనించడం, ఎదురెదురు దుంగల మధ్య బాదు బిగించడం. బాదుని సమ్మెటతో కొడుతుంటే ముందు దబ్ దబ్‌మంటుంది. బిగువు పూర్తిగా ఎక్కినప్పుడు ఒక్క దెబ్బకి టంగ్‌మంటుంది. ఆ టంగ్ కోసం మనిషి ఏమైనా చేస్తాడు. తాళికట్టే వేళ మేళం కూడా నా చెవికి అంత ఇంపుగా వినబడలేదు. (ఈ వాక్యం మా ఆవిడ చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను.)

వీధి చివర నూతులు తవ్వే తాత ఒకడున్నాడు. ఇప్పుడు బోర్లొచ్చాక పనిలేక మా గట్టు మీద కూర్చుని నా పని చూసేవాడు. రెండో వారంలో అడిగాడు: "సిమెంటు ఒరలేసుకోలేదేటి మాస్టారూ?" ఒర భూమ్మీద పెట్టి, దాని లోపల కూర్చుని అడుగున సమంగా తవ్వుకుంటూ పోతే అది తన బరువుకి తనే దిగుతుంది. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. మనిషి ఎప్పుడూ ఒర లోపలే ఉంటాడు. ఇదంతా నాకు తెలియక కాదు. కానీ నేను చదువుకున్నవాణ్ణి, చెక్కలతో తవ్వుతున్నవాణ్ణి. "అది పాత పద్ధతిలే తాతా," అన్నాను. తాత ఏమీ అనలేదు, చుట్ట వెలిగించుకున్నాడు.

ఎనిమిదడుగుల దగ్గర అర్థమైంది. ప్రతి నాలుగడుగులకీ కట్టే కొత్త చట్రం పై చట్రానికి లోపలే పట్టాలి కదా. చెక్క, దుంగ కలిపి ఒక్కో పక్కకి అయిదంగుళాలు తినేస్తాయి. అయిదడుగులతో మొదలైన గొయ్యి పన్నెండడుగులకి రెండున్నర అడుగులైంది. పదో తరగతి పిల్లాడు కూడా వేసే లెక్క. నా శిష్యులెవరికైనా ఇస్తే, "చట్రం మందం ఇవ్వలేదు సార్" అని చెయ్యెత్తి ఉండేవాళ్ళు. అడుగున నేనూ, బకెట్టూ, గునపమూ ముగ్గురమయ్యాం. ఇద్దరికే చోటు. వంగితే నా వెనక భాగం చెక్కకి తగిలి ముందుకు నెట్టేది. మూడో వారంలో అలా వంగినప్పుడే కళ్ళజోడు ఎక్కడో పడిపోయింది. మనవడు తీశాడని వాడి మీద కేకలేశాను, పాపం.

ఇక మట్టి సంగతి. గోతిలోంచి వచ్చిన మట్టి గోతి కంటే ఎక్కువుంటుంది, తవ్వగానే వదులై ఉబ్బుతుంది. మొత్తం పది టన్నుల మట్టి, పన్నెండు కిలోల బకెట్టు చొప్పున ఎనిమిది వందల పైచిలుకు బకెట్లు గిలక మీద పైకి లాగాం, నేను నింపడం, కూలి కుర్రాడు లాగడం. సన్నజాజి పందిరి కప్పడిపోయాక మా ఆవిడ నోరు విప్పింది. మూడు వీధుల అవతల ఎవరో ఇల్లు కడుతూ పునాది మెరక చేయిస్తున్నారంటే రెండు ట్రాక్టర్లు ఊరికే ఇచ్చేశాను. ఊరికే తవ్వినది ఊరికే ఇచ్చాను, లెక్క సరిపోయిందనుకున్నాను.

పేటలో మాత్రం వేరే లెక్క నడుస్తోందని నాకు తెలీదు. లోతు పెరిగాక రోజూ తెల్లవారగానే తాడుకి నూనె దీపం కట్టి గోతిలోకి దించేవాణ్ణి. చెడ్డ గాలి బరువుగా ఉంటుంది, అడుగున చేరుతుంది. దీపం కొండెక్కితే దిగకూడదని నూతులవాళ్ళకి తరతరాలుగా తెలుసు. పిల్లలెవరూ పడకుండా నాలుగు వైపులా కర్రలు పాతి ఎర్రగుడ్డ చుట్టాను. దాహానికి నిమ్మకాయ నీళ్ళు తాగి తొక్కలు గట్టు మీదే పడేసేవాణ్ణి. బకెట్లు లెక్కపెట్టుకుంటూ పెదాలు కదుపుతుంటాను, అది నా అలవాటు. ఇప్పుడు వీటన్నిటినీ మేడ మీంచి చూడండి. తెల్లవారుజామున దీపం, ఎర్రగుడ్డ, నిమ్మకాయలు, మంత్రం. కోట ఉన్న ఊళ్ళో ఇంకేం అనుకుంటారు? రాజుల కాలంలో ఎవరో పాతిన బిందెలు మాస్టారుకి కలలో కనిపించాయట.

ఆ రోజు మా ఆవిడ కూరలకని పాతపట్నం వెళ్ళింది. అక్కడ వంకాయలు ఆంధ్రా వంకాయలు, వాటి రుచి వేరట. కుర్రాడు రాలేదు. నేనొక్కణ్ణే దిగాను. ఒంటరిగా దిగకూడదని కూడా నోటుబుక్కులో ఉంది. పన్నెండో అడుగులో రాయి తగిలింది. మా కొండల రాయికి ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదే ఖొండలైట్ అని పేరు పెట్టారు. చివికిపోయి ఎర్రగా, తెల్లగా చారలు తేలి, గునపం దిగినచోట జున్నులా విరుగుతోంది. ఆ మైకంలో ఉండగా పైనుంచి వినబడింది: "సార్, నిసుణి టికే నేఉచి!"

నిసుణి అంటే నిచ్చెన అని మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకీ తెలుసు. నాకూ తెలుసు. అయినా "హఁ, హఁ" అన్నాను. తలెత్తేసరికి నిచ్చెన కాళ్ళు ఆకాశంలోకి వెళ్ళిపోతున్నాయి. మౌసి మనవడికి మామిడికాయలు దింపాల్సి వచ్చిందట.

ఫోను తీశాను. మా ఊళ్ళో ఫోనుకి మేడ ఎక్కితే ఆంధ్రా టవరు, వాకిట్లోకొస్తే ఒడిశా టవరు దొరుకుతాయి. పన్నెండడుగుల లోతులో ఏ రాష్ట్రమూ నన్ను గుర్తుపట్టలేదు. దుంగ మీద కాలు పెట్టి ఎక్కబోయాను. బాదు కిర్రుమంది. ఊతకర్రల్ని మెట్లుగా వాడకూడదు, అదీ రాసుకున్నాను. దిగిపోయి అరవడం మొదలుపెట్టాను. మొదటి అరగంట మర్యాదగానే అరిచాను. తర్వాత గిడుగు రామమూర్తిగారు ఇదే ఊళ్ళో ఉండి ఏ వాడుక భాష కోసం పోరాడారో ఆ భాషంతా వాడేశాను.

ముందు ఒక కోడి తొంగిచూసింది. తర్వాత పాలబ్బాయి, తర్వాత పేటంతా. చుట్టూ తలకాయలు, మధ్యలో చిన్న చదరం ఆకాశం. అంచున నిలబడ్డ బరువుకి మట్టి గలగలా రాలి నా నెత్తిన పడుతోంది.

"రెండడుగులు వెనక్కి జరగండి!" అని కేక పెట్టాను.

"ఏల? ఏటి కనపడకుండా దాస్తన్నారు?" అని ఇంకో అడుగు ముందుకొచ్చారు.

"నన్ను పైకి లాగండి బాబూ!"

పైన కాసేపు సంప్రదింపులు జరిగాయి. కొంత తెలుగులో, కొంత ఒడియాలో. చివరికి పెద్దమనిషి గొంతొకటి, "ముందు దొరికింది పైకి పంపించండి మాస్టారూ, వెనకాల మిమ్మల్ని లాగుతాం," అంది. అప్పుడే ఎవడో సెల్ఫోను లైటు వేశాడు. నా కాళ్ళ దగ్గర స్టీలు క్యారేజీ తళుక్కుమంది. ఆ "ఓ"మన్న శబ్దం నేను బతికున్నంతకాలం మర్చిపోను. క్యారేజీని బకెట్లో పెట్టి పంపాను. నలుగురు కలిసి, ఒలికిపోతుందేమోనన్నంత నెమ్మదిగా లాగారు. మూత తీశారు. దద్దోజనం, ఊరమిరపకాయ. మౌనం.

ఇంత జరిగినా ఒక్క సంగతి చెప్పుకోవాలి. సుమారు నలభై మంది అంచున తోసుకుంటుంటే నా చెక్కలు ఒక్క అంగుళం కదల్లేదు. ఆ అవమానంలో కూడా చెయ్యి చాచి ఒక బాదుని తట్టి చూసుకున్నాను. టంగ్.

జనాన్ని చీల్చుకుని మా ఆవిడ తల వచ్చింది, చేతిలో సంచీతో. కాసేపు చూసింది. "వంకాయలు తెచ్చాను," అంది. "పైకొస్తారా, వండి దింపమంటారా?"

మౌసి మనవడు నిచ్చెన తెచ్చాడు, జేబులనిండా కాయలతో. నేను పైకొచ్చేసరికి తాత గట్టు మీద చుట్ట కాలుస్తూ, "ఒరలైతే పైనా కిందా ఒకటే వెడల్పు గదా మాస్టారూ," అన్నాడు. అంతే అన్నాడు.

వానలు పడేలోపు గొయ్యి పూడాలని ఇంట్లో ఉత్తర్వు. కింది చట్రం విప్పడం, అంతవరకు పూడ్చడం, ఆపైన పై చట్రం విప్పడం. ఈసారి కుర్రాణ్ణి పక్కనే కూర్చోబెట్టాను, నిచ్చెనని గొలుసుతో కట్టేశాను. పెరట్లో మిగిలిన మట్టి రెండడుగులకే సరిపోయింది. ట్రాక్టరువాణ్ణి అడిగితే లోడు 1400 అన్నాడు. ఎక్కడిదని అడిగితే మూడు వీధుల అవతల పునాది దగ్గర మిగిలిందన్నాడు. ఎర్రగా, తెల్లచారలతో, నాకు బాగా పరిచయమైన మట్టి. కుమ్మరించగానే కుర్రాడు వంగి ఏదో తీసి, పంచెతో తుడిచి నా చేతిలో పెట్టాడు. నా కళ్ళజోడు. ఒక గాజు బాగానే ఉంది.