సవరణ: టీచర్లకు శాటిలైట్ ట్రైనింగ్ 2004లో మొదలవలేదు

మన దేశంలో టీచర్లకు శాటిలైట్ ద్వారా ట్రైనింగ్ 2004లో ఎడ్యుశాట్ అనే ఉపగ్రహంతోనే మొదలైందని మొన్న రాశాను కదా, అది తప్పు. ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేసి మరీ చెప్పారు, ‘మేము అంతకు ముందే నేర్చుకున్నాం బాబూ’ అని.

1975 ఆగస్టు 1న ఇస్రో మొదలుపెట్టిన ‘సైట్’ (శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్) ప్రయోగంలోనే ఆ పని జరిగింది. నాసా ఏడాది పాటు అరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు వచ్చేవి, వాటిలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, తెలుగులోనూ ప్రసారాలుండేవి. కోళ్ల గూటికి కొట్టే ఇనప జాలీ ఉంటుందే, దానితోనే చేసిన మూడు మీటర్ల గొడుగు యాంటెన్నా, పక్కన ఒక టీవీ, అంతే సరంజామా. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ప్రైమరీ టీచర్లకు మాత్రం సైన్స్ ఎలా చెప్పాలో విడిగా ట్రైనింగ్. ఉత్త టీవీ చూపించి ఊరుకోలేదు, రేడియో పాఠాలు, అచ్చు పుస్తకాలు, చేత్తో చేసే ప్రయోగాలు కూడా కలిపారు (ఇప్పటి ఆన్‌లైన్ ట్రైనింగుల్లో చాలావాటికి ఆ చివరిదే కరువు).

ఎడ్యుశాట్ 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి వెళ్లింది. పూర్తిగా చదువు కోసమే మనం పంపిన మొదటి ఉపగ్రహం అదే, ఆ ముక్క వరకు కరెక్టే. ‘మొదటి’ అన్న మాట ఆ ఉపగ్రహానికీ, టీచర్ల ట్రైనింగుకూ కలిపి తగిలించేశాను. పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.