సీ డ్రైవ్ నిండితే కావలసింది క్లీనర్ కాదు, పటం

విండోస్ కంప్యూటర్‌లో ప్రధాన డిస్క్ అయిన సీ డ్రైవ్ కింది గీత నీలం నుంచి ఎరుపుకు మారిందంటే ఖాళీ పది శాతం కంటే తగ్గిందని లెక్క. 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో వచ్చే చవక ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. అసలు ఆ 256 తెరమీద 238గానే కనబడుతుంది. కంపెనీ దృష్టిలో జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్ మాత్రం 1024ల లెక్కన కొలుస్తుంది. ఎరుపు కనబడగానే రిపేరు షాపుకు తీసుకెళ్తే "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అంటారు. అంత దూరం వెళ్లనివాళ్లు ఒక్క క్లిక్‌తో అంతా శుభ్రం చేస్తానని చెప్పే క్లీనర్ ఏదో దించుకుంటారు. చోటు ఎక్కడికి పోయిందని మాత్రం ఎవరూ అడగరు.

ఆ ప్రశ్న 1990లోనే ఒకాయన అడిగాడు. అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీలో బెన్ ష్నైడర్‌మన్ ల్యాబ్‌లో 80 ఎంబీ హార్డ్ డిస్క్‌ను 14 మంది వాడుకునేవారు. అది నిండిపోయేది. ఎవరి ఫైళ్లు ఎంత ఆక్రమించాయో ఒక్కో ఫోల్డర్ తెరిచి చూస్తూ కూర్చుంటే తెమలదు కదా. ష్నైడర్‌మన్ తెర మొత్తాన్నీ డిస్క్‌గా భావించి, ప్రతి ఫైల్‌కూ దాని సైజుకు తగ్గ గడి గీశాడు. ఫోల్డర్ పెద్ద గడి, దాని లోపలివి చిన్న గళ్లు. అదే ట్రీమ్యాప్. బిజినెస్ చానళ్లలో షేర్ల ధరలు చూపే ఎరుపు, ఆకుపచ్చ గళ్ల పటం కూడా దీని సంతానమే. మన కంప్యూటర్లలోకి ఇది విన్‌డిర్‌స్టాట్ లాంటి ఉచిత ప్రోగ్రాములతో వచ్చింది. రంగురంగుల గళ్లలో అన్నిటికంటే పెద్దది ఏదో చదవకుండానే కంటికి తెలిసిపోతుంది.

ఈ తరహాలో విజ్‌ట్రీ వేగానికి పేరుపడింది. విండోస్ ఫైళ్లను సర్దే పద్ధతి పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్. ఆ పద్ధతిలోని డిస్క్‌లో ప్రతి ఫైల్ వివరమూ ఒక పట్టికలో ఉంటుంది. విజ్‌ట్రీ ఫోల్డర్లన్నీ తిరగకుండా ఆ పట్టికనే నేరుగా చదువుతుంది. అందుకే లక్షల ఫైళ్లున్నా సెకన్లలో లెక్క చెప్పేస్తుంది, అందుకే అడ్మినిస్ట్రేటర్ అనుమతి కూడా అడుగుతుంది.

పటం తెరిచాక బయటపడేవి చాలావరకు మనం ఊహించినవి కావు. ఐఫోన్ బ్యాకప్ ఒకటి యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో పదుల జీబీలు పట్టుకుని కూర్చుంటుంది. ఫోన్ అమ్మేసి ఏళ్లయినా అది అక్కడే ఉంటుంది. ఎప్పుడో కోర్సు కోసం యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వేసుకున్నవాళ్లకు దాని ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో నడిచే నకిలీ ఫోన్) ఫైళ్లు కనబడతాయి. కంప్యూటర్ పనిని డిస్క్‌లో దాచి ఆగిపోవడాన్ని హైబర్నేట్ అంటారు; దానికోసం ఉండే హైబర్‌ఫిల్ అనే ఫైల్ 16 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో ఆరేడు జీబీలు తీసుకోవచ్చు. హైబర్నేట్ వాడనివాళ్లు పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో దాన్ని ఆపేస్తే ఆ చోటంతా తిరిగొస్తుంది. ఇవన్నీ క్లీనర్ కంటికి చెత్త కాదు. ఫోన్ బ్యాకప్ అవసరమో కాదో ఏ సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది? క్లీనర్ బ్రౌజర్ క్యాషె (బ్రౌజర్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు) చెరిపి, 2 జీబీ మిగిల్చానని పచ్చటి టిక్కు పెడుతుంది. వారం తిరిగేసరికి బ్రౌజర్ ఆ క్యాషెను మళ్లీ నింపుకుంటుంది.

రిజిస్ట్రీ క్లీనింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో వందలకొద్దీ "లోపాలు" ఎర్రగా చూపించి టెన్షన్ పెట్టడమే ఆ వ్యాపారం. అవి చెరిపితే మిగిలేది కొన్ని కేబీలు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సపోర్ట్ చేయమని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో చెప్పింది. పైగా వీటికి కంప్యూటర్ మొత్తం మీద అధికారం ఇస్తున్నాం. 2017లో సీక్లీనర్ అనే పేరున్న క్లీనర్ తయారీ వ్యవస్థలోకే హ్యాకర్లు చొరబడి, 5.33 వెర్షన్‌లో మాల్‌వేర్ కలిపారు. అది కంపెనీ డిజిటల్ సంతకంతో, అధికారిక సర్వర్ నుంచే దిగింది. బయటపడేలోగా దాదాపు 22.7 లక్షల కంప్యూటర్లకు చేరింది. అలాంటిది పేరున్న సాఫ్ట్‌వేర్‌కే జరిగినప్పుడు, ప్రకటన నొక్కితే దిగే ఊరూపేరూ లేని క్లీనర్‌ను ఏ ధైర్యంతో నమ్ముతాం?

పటం చూపించినంత మాత్రాన ప్రతి పెద్ద గడినీ డిలీట్ కొట్టకూడదు. విండోస్ లోపల విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్ భయపెట్టేంత సైజు చూపిస్తుంది. అందులో చాలా ఫైళ్లు హార్డ్ లింకులు, అంటే ఒకే ఫైల్‌కు రెండు చోట్ల పేరు. దాంతో ఒకే ఫైల్‌ను రెండుసార్లు లెక్కగట్టే ప్రమాదం ఉంది. ఆ ఫోల్డర్‌ను చేత్తో చెరిపితే విండోస్ అప్‌డేట్లు ఆగిపోతాయి, ఒక్కోసారి విండోసే లేవదు. విండోస్‌లోనే ఉండే డిస్క్ క్లీనప్ ద్వారానో డిజమ్ అనే కమాండ్‌తోనో మాత్రమే తగ్గించాలి. ఆ డిస్క్ క్లీనప్‌లోనూ జాగ్రత్త అవసరమయ్యింది. 2018 అక్టోబరు అప్‌డేట్‌లో దాని జాబితాలోకి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చేరింది. అలవాటుగా అన్నిటికీ టిక్కు పెడితే మార్కుల మెమోలూ ఆధార్ పీడీఎఫ్‌లూ ఆ ఫోల్డర్‌తోపాటే పోయేవి. తర్వాత 2020లో ఆ ఫోల్డర్‌ను జాబితా నుంచి తీసేశారు.

నాకు అర్థం కానిది మైక్రోసాఫ్ట్ పట్టుదల. విండోస్ 98 నుంచి డిస్క్ క్లీనప్ ఇస్తోంది, ఇప్పుడు స్టోరేజ్ సెన్స్ ఉంది, పీసీ మేనేజర్ కూడా తెచ్చింది. అన్నీ తుడవడానికే. సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ పేజీ "టెంపరరీ ఫైల్స్", "అదర్" అని గీతలు చూపించి ఊరుకుంటుంది. ఆపిల్ ఇంకా ఘనం, మ్యాక్‌లో "సిస్టమ్ డేటా" అని ఒక బూడిదరంగు ముక్క పెట్టి లోపల ఏముందో చెప్పదు. లెక్క మొత్తం విజ్‌ట్రీ చదివే ఆ పట్టికలో సిద్ధంగా ఉన్నా, ముప్ఫై ఏళ్లు దాటిన ఆ గళ్ల పటాన్ని స్టోరేజ్ పేజీలోనే పెట్టడానికి వాళ్లకు అడ్డేమిటి?