వాన ఎవరిదో తేలేదాకా

మొన్న కురిసిన వానను ఫోన్లో రికార్డు చేసి నెట్లో పెట్టాను. నాలుగు నిమిషాలు. మాటల్లేవు, పాటల్లేవు, వానొక్కటే. తెల్లారేసరికి వీడియో మాయం. ఆ చప్పుడు మీద హక్కులు తమవని ఎవరో ఫిర్యాదు చేశారట. నాకు కోపం రాలేదు. ఇన్నాళ్లూ వానకు అడిగే దిక్కు లేదనుకున్నాను. చట్టం ఉందని తెలిసి మనసు కుదుటపడింది.

కాపీరైట్‌ను ఆడిపోసుకునేవాళ్లకు దాని మంచితనం తెలియదు. 1710లో ఇంగ్లండులో వచ్చిన స్టాట్యూట్ ఆఫ్ ఆన్ అనే కాపీరైట్ చట్టం కొత్త పుస్తకానికి 14 ఏళ్ల హక్కిచ్చింది. గడువు తీరేసరికి రచయిత బతికుంటే మరో 14. బతికుంటేనట! పోయినవాడికి ప్రోత్సాహం అక్కర్లేదని ఆ కాలపు మోటు ఆలోచన. తర్వాతివాళ్లు ఆ తప్పును దిద్దుకుంటూ వచ్చారు. అమెరికా 1998లో, రచయిత పోయాక 50 ఏళ్లుండే గడువును 70 చేసింది. అప్పటికే కన్నుమూసినవాళ్ల రచనలకూ పొడిగింపు దొరికింది. వాళ్లలో ఎవరూ ఆ తర్వాత ఒక్క పేజీ రాసిన దాఖలా లేదు కానీ, ప్రయత్నలోపం చట్టానిది కాదు.

అదే ఏడాది అక్కడే డీఎంసీఏ అనే ఇంకో చట్టం వచ్చింది. ఫిర్యాదు అందగానే తీసేస్తే సైటుకు ఏ పూచీ ఉండదు. ఆలోచిస్తూ కూర్చుంటే కేసు మెడకు చుట్టుకోవచ్చు. ఇంకెందుకు ఆలోచిస్తారు? 2007లో ఒక తల్లి, తన పసివాడు గంతులేస్తున్న 29 సెకన్ల వీడియో పెట్టింది. వెనక ఎక్కడో ఒక పాట మోగుతోంది. తీయించేశారు. తీయించే ముందు అది అనుమతి లేకపోయినా చట్టం ఒప్పుకునే న్యాయమైన వాడకమేమో (ఫెయిర్ యూజ్) చూసుకోవాలని అప్పీలు కోర్టు చెప్పేసరికి 2015 వచ్చింది. పసివాడు స్కూలు పిల్లాడయ్యాడు. ఆలోచనంటే టైమ్ పడుతుంది మరి.

ఇక ప్రైవసీ. కెమెరాలూ పత్రికలూ ఇళ్లలోకి తొంగిచూస్తున్నాయని 1890లో ఇద్దరు బోస్టన్ లాయర్లు వ్యాసం రాశారు. మనిషిని అతని మానాన వదిలేయడం కూడా ఒక హక్కే అన్నారు. ఇప్పుడు ప్రతి సైటూ మనల్ని గుమ్మంలోనే ఆపి ఆ హక్కును గుర్తుచేస్తోంది. 'అన్నీ అంగీకరిస్తున్నాను' అని ఇంత పెద్ద ఆకుపచ్చ బటన్. వద్దనాలంటే సెట్టింగుల్లోకి వెళ్లి, 'మా భాగస్వాములు' తెరిచి, ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ రావాలి. సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చిందై ఉండాలని ఐరోపావారి సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ 2018 నుంచి చెబుతూనే ఉంది. నేను మనస్ఫూర్తిగానే నొక్కుతాను, అడ్డు తొలగితే చాలని.

మళ్లీ వాన దగ్గరికొస్తే, సైటు అమెరికాది కాబట్టి నేను ఎదురు నోటీసు ఇవ్వాలి. అందులో నా పూర్తి పేరు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు రాయాలి. పొరపాటున తీసేశారని నమ్ముతున్నట్టు ప్రమాణం చేయాలి, అబద్ధమైతే శిక్ష. (ఫిర్యాదుదారు ప్రమాణం చేయాల్సింది హక్కుదారు తరఫున వచ్చానన్న ముక్కకే. వాన తరఫున సంతకం ఎవరు పెట్టారో!) ఆ కాగితం నేరుగా వాళ్లకే చేరుతుంది. వాళ్ల పేరుగా నాకు తెలిసింది మూడు పొడి అక్షరాలే. వాళ్లకు మాత్రం మా ఇంటి నంబరుతో సహా తెలుస్తుంది. వాళ్లు కోర్టుకెక్కకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో నా వాన నాకొస్తుంది.

ఫారం నింపుతుంటే మళ్లీ చినుకులు మొదలయ్యాయి. లేచి కిటికీ మూసొచ్చాను. ఎందుకైనా మంచిది.