సవరణ: పరోక్ష కథనంలో కర్త విభక్తి

ఒకరి మాటను మరొకరు చెప్పేటప్పుడు, ఆ మాటలోని కర్త ఏ భాషలోనైనా ప్రథమా విభక్తిలోనే ఉంటుందని కిందటి వ్యాసంలో రాశాను. అది తప్పు. ‘అతడు వస్తున్నాడని మార్కుస్ అంటున్నాడు’ అనడానికి లాటిన్‌లో ‘మార్కుస్ దీకిత్ ఎఉమ్ వెనీరే’ అంటారు. ఇందులో వచ్చేవాడిని తెలిపే ‘ఎఉమ్’ ద్వితీయలో ఉంది, ‘వెనీరే’ పురుష, వచన ప్రత్యయాలు లేని ‘రావడం’ వంటి రూపం. వచ్చేది మార్కుసే అయితే ‘ఎఉమ్’ స్థానంలో ‘సే’ చేరుతుంది కాబట్టి, మన ‘అతడు’, ‘తాను’ల మధ్య ఉన్న తేడా అక్కడ కూడా స్పష్టంగా నిలుస్తుంది. టర్కిష్‌లోనైతే అటువంటి కర్త సాధారణంగా షష్ఠిలోకి వెళుతుంది.

తెలుగు విషయంలో కూడా నేను తొందరపడ్డానని ఒప్పుకోవాలి. ‘నేను దొంగనని అన్నాడు’ అన్నప్పుడు కర్త ప్రథమలోనే ఉన్నా, దొంగ ఆ మాట అన్నవాడో, దాన్ని ఇప్పుడు మనకు చెబుతున్నవాడో సందర్భాన్ని బట్టి తేల్చుకోవలసిందే. ‘నన్ను దొంగ అన్నాడు’ అంటే ద్వితీయ వచ్చి ఆ సందేహాన్ని తీరుస్తుంది. రోజూ నోట నానే ఈ వాక్యమే నా సూత్రాన్ని కొట్టివేస్తుంది. కిందటి వ్యాసంలో ‘అని’ గురించి రాసిన మిగతా భాగంలో మార్పు లేదు.